ఈడెన్: రేడియో కాపలా ఉన్న రేవు

సిడ్నీ నుంచి తీరం వెంబడి దక్షిణంగా దాదాపు 480 కిలోమీటర్లు వెళ్తే, విక్టోరియా సరిహద్దు ఇక దగ్గరే అనగా ఈడెన్ వస్తుంది. జనాభా మూడు వేల పైచిలుకు. ట్వోఫోల్డ్ అఖాతం ఒడ్డున చేపల రేవు. ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీ 1999లో మూతపడ్డాక తిమింగలాలను చూడొచ్చేవాళ్లు, విహార నౌకలు కూడా ఊరికి ఆధారమయ్యాయి.

ఇక్కడి మ్యూజియంలో ఓల్డ్ టామ్ అనే ఓర్కా (కిల్లర్ వేల్) అస్థిపంజరం ఉంది. ఓర్కాలు పెద్ద తిమింగలాలను అఖాతంలోకి తరిమేవి, వేటగాళ్లు చంపేవారు. నాలుక, పెదవులు ఓర్కాల వాటా. 1930లో టామ్ చనిపోవడంతో ఆ పొత్తు కథ ముగిసింది.

సముద్రం మాత్రం ఎవరితోనూ పొత్తు పెట్టుకోదు. 1886లో లై-ఈ-మూన్ అనే ఓడ, దగ్గర్లోని గ్రీన్ కేప్ రాళ్లకు కొట్టుకుని 71 మందిని ముంచింది. అప్పటికి అక్కడ దీపస్తంభం వెలుగుతూనే ఉంది. 1998 డిసెంబరులో సిడ్నీ-హోబర్ట్ పడవ పందెం తుఫానులో చిక్కుకుంది. బయల్దేరిన 115 పడవల్లో 44 మాత్రమే గమ్యం చేరాయి, ఆరుగురు చనిపోయారు. దెబ్బతిన్న పడవలెన్నో తల దాచుకున్నది ఈడెన్‌లోనే.

ఇప్పుడు ఇక్కడ కాపలా కాసేది మెరైన్ రెస్క్యూ న్యూ సౌత్ వేల్స్ శాఖ. 2009లో పాత స్వచ్ఛంద దళాలను కలిపి ఏర్పాటు చేసిన ఈ సంస్థలో మూడు వేలమందికి పైగా వాలంటీర్లున్నారు. జీతం లేదు. చాలామంది రిటైరైనవాళ్లు. సముద్రంలోకి వెళ్లేవాళ్లు రేడియోలో పడవ పేరు, ఎంతమంది, ఎటు, ఎప్పటికి తిరిగొస్తారు అన్నది చెబుతారు. వాలంటీరు రాసుకుంటాడు. చెప్పిన వేళ దాటినా కబురు రాకపోతే ఫోన్ చేస్తాడు. అప్పటికీ పలక్కపోతే వెతుకులాట మొదలు. ఇంత మామూలు పనే ప్రాణాలు కాపాడుతుంది.

దీనికయ్యే డబ్బులో కొంత ప్రభుత్వం ఇస్తుంది, కొంత పడవల లైసెన్సు, రిజిస్ట్రేషన్ల మీద వసూలు చేస్తారు. 2018లో రాష్ట్ర ప్రభుత్వం రాష్ట్రమంతటికీ 38 కొత్త పడవలు, రేడియో వ్యవస్థ కోసం నాలుగేళ్లకు 3.76 కోట్ల డాలర్లు ప్రకటించింది. మంచిదే. అయినా వాలంటీర్లు ఇప్పటికీ లాటరీ టికెట్లు అమ్ముతున్నారు, సాసేజీలు కాల్చి అమ్ముతున్నారు. ఊరి జనం ఆసరా ఉండటం బాగానే ఉంటుంది గానీ, అర్ధరాత్రి అలల్లోకి వెళ్లేవాడు డీజిలు కోసం టికెట్లు అమ్ముకోవడం నాకు సబబుగా తోచదు. శ్రమ వాళ్లు ఉచితంగా ఇస్తున్నారు, పడవా డీజిలూ భవనమూ చూసుకోవాల్సింది ఖజానా.

సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోని మనవాళ్లు సెలవులకు ఈ తీరానికి వెళ్తే, పడవెక్కే ముందు లైఫ్ జాకెట్ వేసుకోండి, రేడియోలో పేరు నమోదు చేయించుకోండి. పైసా ఖర్చుండదు. ఒడ్డుకు చేరాక ఆ మాట కూడా చెప్పడం మరవకండి.