బాటిక్ అమ్మి కట్టుకున్న ఊరు

చెన్నై నుంచి ఈసీఆర్ మీద మహాబలిపురం వెళ్తున్నారా? అయితే దారిలో ఇంజంబాక్కం దగ్గర ఓ గంట ఆగండి. చోళమండల్ కళాకారుల గ్రామం అక్కడే ఉంది.

గేటు దాటితే చెట్ల నీడ, ఆ నీడలో రాతి శిల్పాలు, లోహపు శిల్పాలు. లోపల మద్రాసు కళా ఉద్యమానికి ఓ మ్యూజియం. సెల్ఫీలకి భలే చోటు అనిపిస్తుంది. కానీ ఈ ఊరు పుట్టింది మాత్రం ఓ కష్టంలోంచి.

1960ల్లో మద్రాసు ఆర్ట్స్ కాలేజీలో చదువు ముగించిన కుర్రాళ్ల బొమ్మలు కొనేవాళ్లు చాలా తక్కువ. పొట్టకోసం వేరే ఉద్యోగంలో చేరితే కుంచె అటకెక్కాల్సిందే. అప్పుడు ఆ కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్ వాళ్లని ఒక్కచోటికి చేర్చారు. అందరూ కలిసి బాటిక్ బట్టలు, చేతిపని వస్తువులు చేసి అమ్మారు. ఆ డబ్బుతోనే సముద్రం పక్కన ఇసుక నేల కొన్నారు. 1966లో ఊరు మొదలైంది.

చేతిపని కడుపు నింపింది. బొమ్మ మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. పక్కింట్లోనే మరో చిత్రకారుడు ఉంటే సలహాకి, విమర్శకి, పరిచయాలకి ఎక్కడికో పోనక్కర్లేదు కదా!

ఇప్పుడు అక్కడి గ్యాలరీల్లో బయటి ఆర్టిస్టులూ ప్రదర్శనలు పెట్టుకుంటున్నారు.

ఇన్‌స్టాలో బొమ్మ పెట్టి, ఆర్డర్ కోసం ఎదురుచూసే ఫ్రెండ్ మీకూ ఉండే ఉంటారు. ఈసారి వాళ్లనీ తీసుకెళ్లండి. తిరుగు ప్రయాణంలో ‘మనం నలుగురం కలిస్తే ఏం చేసి అమ్మగలం?’ అన్న లెక్క దానంతటదే మొదలవుతుంది.