చెవి వెనుక వాపు

చెవిపోటు ఎరుగని పసిబిడ్డ అరుదు. రాత్రివేళ బిడ్డ చెవి పట్టుకొని ఏడవడం, తెల్లవారేసరికి చెవి నుంచి చీము కారడం, దానితో నొప్పి ఉపశమించడం మీలో చాలామంది మీ ఇళ్ళలో చూసే ఉంటారు. ఎక్కువమంది పిల్లలలో ఆ వ్యాధి అక్కడితో ముగుస్తుంది. కొద్దిమందిలో ముగియదు. ఆ కొద్దిమందిలో ఒక బిడ్డను నేను సకాలములో గుర్తించలేకపోయాను. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

30 సంవత్సరములకు పైబడిన మాట. నేనప్పుడు కోస్తా జిల్లాలోని ఒక చిన్న పట్టణములో పనిచేసేవాడిని. నాలుగేళ్ళ బాలుడిని తల్లి తీసుకొని వచ్చింది. పది రోజుల క్రితం చెవిపోటు వచ్చింది. ఐదు రోజులకు వ్రాసిన యాంటిబయాటిక్ మందును, నొప్పి తగ్గిందని రెండవ రోజునే ఆపివేశారు. ఇంటిలోని పెద్దవారు వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోశారు. ఇప్పుడు మళ్ళీ జ్వరము. నేను చెవిలోనికి దీపము వేసి చూశాను. కర్ణభేరి ఎఱ్ఱగా ఉంది. మందు మార్చి వ్రాస్తుండగా ఆ తల్లి, “డాక్టరు గారూ, వీడి కుడి చెవి ఎడమ చెవిలా లేదండీ” అన్నది. ఆ ప్రక్కకు తిరిగి పడుకున్నందువలన కలిగిన వాపు అని చెప్పి పంపివేశాను. చెవి లోపల చూశాను గాని, చెవి వెనుక చూడలేదు.

రెండు రోజుల తరువాత ఆమె తిరిగి వచ్చింది. బాలుడి చెవి ముందుకు తోసినట్లు నిలిచి ఉంది. చెవి వెనుక మడత కనిపించలేదు. అచ్చట చర్మము ఎఱ్ఱగా, వేలితో తాకితే మెత్తగా ఉంది. వణుకుతో కూడిన జ్వరము, వాంతులు, తలనొప్పి కూడా తోడయ్యాయి.

చెవి వెనుక చేతికి తగిలే గట్టి ఎముకను మాస్టాయిడ్ అంటారు. ఆ ఎముక లోపల తేనెపట్టు వలె చిన్నచిన్న గాలి గదులు ఉంటాయి. కర్ణభేరి వెనుక ఉండే మధ్యకర్ణముతో ఈ గదులకు సంబంధము ఉంటుంది. అందువలన మధ్యకర్ణములో చీము పట్టినప్పుడు అది ఈ గదులలోనికి వ్యాపించగలదు. గదుల మధ్య గోడలు కరిగి ఒకటిగా కలిసిపోతే చీము బయటకు చర్మము క్రిందకు వస్తుంది, లేక లోపలికి పోతుంది. లోపలి ప్రక్కన ఈ ఎముకకు పలుచని పొర మాత్రమే అడ్డుగా మెదడు ఉంది. మెదడు నుంచి రక్తమును మెడలోనికి తెచ్చే పెద్ద సిర కూడా ఈ ఎముకను ఆనుకొనే పోతుంది. ముఖకండరములను కదిలించే నాడి ఈ ఎముకలోనుంచే బయటకు వస్తుంది.

మా ఊరిలో ఎక్స్‌రే తప్ప వేరే సాధనము లేదు. ఆ చిత్రములో గాలి గదులు మసకగా కనిపించాయి. గదులలో ద్రవము చేరినా, గోడలు కరిగినా మసకగానే కనిపిస్తాయి. సిరలో రక్తము గడ్డకట్టిన విషయమును ఎక్స్‌రే చెప్పనే చెప్పదు. అదే రాత్రి బాలుడిని నగరమునకు పంపాను.

నగరములో సి.టి. స్కాన్ చేశారు. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన ఈ యంత్రముతో 1971లో లండనులో తొలి రోగి మెదడును చిత్రించారు. 1979లో ఆయన, అలన్ కార్మాక్ నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఎముకను సన్నని పొరలుగా కోసి చూపినట్లు చూపడం దాని గొప్పదనము. సిరలోనికి కాంట్రాస్ట్ మందు ఎక్కించి చిత్రిస్తే చీము తిత్తి చుట్టూ అంచు వెలుగుతుంది. రక్తము గడ్డకట్టిన సిర మందుతో నిండక వెలితిగా కనిపిస్తుంది. ఆ బాలుడిలో గదుల గోడలు కరిగి ఉన్నాయి, చర్మము క్రింద చీము ఉంది, సిరలో రక్తపు గడ్డ ఉంది. శస్త్రచికిత్సతో చీమును తొలగించి, అనేక దినములు సిర ద్వారా మందులు ఇచ్చారు. బాలుడు బ్రతికాడు. కుడి చెవి వినికిడి కొంత తగ్గింది.

అయితే చెవిపోటు వచ్చిన ప్రతి బిడ్డకు స్కాన్ చేయించమని నేను చెప్పడం లేదు. సాధారణ చెవిపోటుకు చెవి పరీక్ష చాలును. సి.టి. స్కానులో కిరణ ప్రసారము ఉంటుంది. పిల్లల విషయములో దానిని నిష్కారణముగా వాడరాదు. చెవి వెనుక వాపు, ముఖము ఒక ప్రక్కకు జారడం, కళ్ళు తిరగడం, ఆగని వాంతులు, మెడ బిగుసుకోవడం, మగత, మూర్ఛ, సరియైన మందులు వాడినా వీడని జ్వరము: వీటిలో ఏది ఉన్నా ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్ళండి. చిత్రము అవసరమా అనే ప్రశ్న అప్పుడు వైద్యులు వేసుకుంటారు.

మెదడులోనికి, మెదడు పొరలలోనికి చీము ప్రాకిందన్న సందేహము ఉన్నప్పుడు ఎమ్.ఆర్.ఐ. ఎక్కువ స్పష్టత ఇస్తుంది. దానిలో ఎక్స్‌ కిరణములు ఉండవు. కాని సమయము ఎక్కువ పడుతుంది. కదలకుండా ఉండలేని పసిపిల్లలకు మత్తు అవసరము కావచ్చును. ఎముకను చూడడానికి సి.టి., మెత్తని కణజాలమును చూడడానికి ఎమ్.ఆర్.ఐ. అని స్థూలముగా గుర్తుంచుకోండి. ఒక్కొక్కప్పుడు రెండూ కావలసి వస్తాయి.

మరొక మాట. వేరే కారణముతో తలకు స్కాన్ చేయించుకొని, నివేదికలో మాస్టాయిడ్ గదులలో ద్రవము ఉన్నదని చదివి భయపడే వారు ఉన్నారు. జ్వరము, నొప్పి, వాపు, వినికిడి లోపము ఏవీ లేనప్పుడు ఆ ద్రవము ఒక్కటే ప్రమాదకర వ్యాధికి నిదర్శనము కాదు. చిత్రమునకు కాక రోగికే వైద్యము చేయాలి.

చెవి దగ్గర వాపును మనవారు గవదబిళ్ళలు అనుకొని పసుపు పట్టించడం కూడా చూశాను. గవదబిళ్ళల వాపు చెవి తమ్మెకు ముందు, క్రింద ఉంటుంది. మాస్టాయిడ్ వాపు చెవికి వెనుక ఉంటుంది. బిడ్డ వెనుక నిలబడి రెండు చెవులను పోల్చి చూడండి. వ్రాసిన మందును వ్రాసినన్ని దినములు వాడండి. చెవిలో నూనె పోయకండి.

ఆ తరువాత నేను చెవిపోటు గల ప్రతి బిడ్డను వెనుక నుంచి కూడా చూశాను. తల్లి ‘తేడాగా ఉంది’ అంటే కలము ప్రక్కన పెట్టి మళ్ళీ పరీక్షించాను. ఆ రోజు తేడాను ముందుగా కనిపెట్టినది ఆ తల్లి. మీ వైద్యుడు మీ మాట వినకపోతే, రెండవసారి చెప్పడానికి సంకోచించకండి.