కథ చెప్పువాడు ఎవరికి ఉత్తరవాది?

మీ సంఘములో కంజర కొట్టువాడో, బుఱ్ఱకథ చెప్పువాడో, క్రిస్మసు నాటకమునకు వేషములు దిద్దువాడో, గుడి గోడమీద బొమ్మ వ్రాయువాడో ఒక్కడైనను ఉండకపోడు. అట్టివారిని గూర్చియు, వారిని పిలిపించి పని చెప్పు మనబోటివారిని గూర్చియు ఈ నెల నాలుగు మాటలు వ్రాయదలచితిని. పాటగాని గొంతుకయు, చిత్రకారుని చేతిపనియు దేవుడిచ్చిన వరములని మనము తరచుగా చెప్పుదుము. చెప్పి ఊరకుందుము. ఆ వరమును ఒక ఊరిలో, ఒక జనము నడుమ, ఎట్లు వాడవలెనో నేర్పువారు తక్కువ. వేదాంత కళాశాలలో మాకు ప్రసంగము చేయు రీతి నేర్పిరి గాని ఈ సంగతి నేర్పలేదు. పల్లెలే నేర్పినవి.

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల పేరు మీలో కొందరు వినియే యుందురు. అచ్చటి నకాషీ కుటుంబములవారు తరతరములుగా పటములు వ్రాయుచున్నారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, వెనుకతట్టంతయు ఎఱ్ఱరంగు నింపి బొమ్మలు తీర్చుదురు. మూడడుగుల వెడల్పు, నలువది అడుగులకు మించిన పొడవు గల పటములు కలవు. అంత పొడవు పటమును ఎవడు ఇంటిలో వ్రేలాడదీసికొనును? అది కథకుని కొరకైనది. కాకిపడగలవారు ముదిరాజులకు, కూనపులివారు పద్మశాలీలకు, మందహెచ్చులవారు గొల్లలకు, డక్కలివారు మాదిగలకు, ఆయా కులమువారు తమదని యెంచుకొను కథను ఆ పటము విప్పి రాత్రులు చెప్పెదరు. వ్రాయువాడొకడు, చెప్పువాడొకడు, వినువారు మరియొకరు. అయినను వినువారికి కథ ముందుగనే తెలిసియున్నది; తప్పు చెప్పినచో అక్కడనే అడ్డగింతురు. పటము పాతబడి చిరిగినప్పుడు దానిని చెత్తకుప్పలో పారవేయక, ఏటికి తీసికొనిపోయి మర్యాదతో నీటిలో విడిచెడి ఆచారము కలదు.

ఆ పురాణములను నమ్ముడని నేను చెప్పుటలేదని మీకు తెలియును. ఆ యేర్పాటును మాత్రము చూడుడి. సినిమాలు, టెలివిజన్లు వచ్చిన తరువాత పటము విప్పించుకొను ఊళ్లు తగ్గిపోయినవి. ఇప్పుడు నకాషీవారు ఎక్కువగా చిన్న చిన్న పటములును, ముఖాకృతులును చేసి పట్టణవాసులకు అమ్ముకొనుచున్నారు. వారిని తప్పుపట్టను, పొట్ట నిండవలెను గదా. కాని ఒక్కటి పోయినది: బొమ్మను కొనువాడు “ఇది ఇట్లు కాదయ్యా, మా తాతలు ఇట్లు చెప్పలేదు” అని అనజాలడు. ఆ మాట అనగలవాడు ఎదుట కూర్చుండుట పనివానికి భారమనుకొందుము గాని, పనివానిని నిలువబెట్టునది ఆ మాటయే.

ఇప్పుడు నిర్గమకాండము తెరువుడి. ప్రత్యక్షపు గుడారము కట్టవలసి వచ్చినప్పుడు యూదా గోత్రికుడైన బెసలేలును దేవుడు పేరుపెట్టి పిలిచెను. దాను గోత్రికుడైన అహోలీయాబును అతనికి తోడుగా ఇచ్చెను. 35వ అధ్యాయము మొదలుకొని చదివినయెడల సామగ్రి ఎక్కడనుండి వచ్చినదో తెలియును. స్త్రీలు తమ చేతులతో వడికిన నూలు తెచ్చిరి. గుడారపు ద్వారమునొద్ద సేవించు స్త్రీల అద్దములే ఇత్తడి గంగాళమాయెను. తెచ్చినది చాలునని పనివారే మోషేతో చెప్పగా, అతడు పాళెమంతట చాటించి కానుకలు మాన్పించెను. రసీదు పుస్తకము ఎన్నడును చంక దిగని మనకు ఆ వచనములు కొంచెము వింతగా తోచును! ఇతరులకు నేర్పు బుద్ధియు వారిద్దరికి ఇయ్యబడెనని అక్కడనే యున్నది. మన బుఱ్ఱకథ దళములలో కొందరు పెద్దకథకులు కథ వ్రాసిన నోటుపుస్తకమును వంతలకు సహితము చూపరు. వారు కన్నుమూసిన తరువాత చెదలు దానిని చదువుకొనుచున్నవి.

అయితే జనులు అడిగినదెల్ల చేయుటయే జనసేవ అని తలంపకుడి. మూడు అధ్యాయములు వెనుకకు త్రిప్పుడి. అదే జనము, అదే బంగారము. అహరోను వారి మాట వినెను. వారి చెవిపోగులనే తీసికొని పోగరతో దూడను రూపించెను. సామగ్రి జనులది, కోరికయు జనులదే. “పిల్లలు సినిమా వరుసలే అడుగుచున్నారు, అందుచేత అవే కట్టితిమి” అని మనవారు చెప్పునప్పుడెల్ల నాకు ఆ దూడ జ్ఞాపకము వచ్చును. జనులను అడుగుట వేరు, వారికి దాసుడగుట వేరు. ఈ రెంటి నడుమ నడుచుట సులభము కాదు; సులభమని నేను మీకు చెప్పను.

మా ప్రాంతపు ఒక ఊరిలో కొన్ని సంవత్సరముల క్రిందట జరిగినది వినుడి. మద్యపానమును గూర్చి నాటకమాడుటకు పట్టణమునుండి ఒక దళము వచ్చినది. మంచి పిల్లలు, ఉద్దేశమును మంచిదే. పగలంతయు ఊరిలో తిరిగి, నలుగురితో మాటలాడి, సాయంకాలమునకు కథ అల్లుకొనిరి. రాత్రి ఆట మొదలైనది. త్రాగుబోతు వేషము కట్టిన కుఱ్ఱవాడు రెండడుగులు వేయగానే ఊరంతయు గొల్లున నవ్వెను. ఆ కుంటినడక ఎవరిదో చంటిపిల్లలకు కూడ తెలియును. ఆ మనిషి మూడవ వరుసలో చాపమీద కూర్చుండియున్నాడు. అతని భార్య స్త్రీల వైపున కూర్చుండియున్నది. అతడు లేచిపోలేదు, లేచినయెడల ఆ నడకయే నడువవలెను గదా. ఆట ముగియువరకు తల వంచుకొని అట్లే యుండెను.

మరునాడు వారి యింటికి వెళ్లితిని. “తాగుతా అయ్యగారూ, అబద్ధమెందుకు. అందుకు తిట్టినా పడేవాణ్ణి. ఈ కాలు బండి చక్రం కింద పడి విరిగింది. తాగి విరగలేదే!” అనెను. అతని భార్య నాకు మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లినది. ఒక్క మాట అనలేదు. ఆరు నెలలు ఆమె గుడి మెట్లెక్కలేదు.

నాతాను ప్రవక్త కూడ ఒకని పాపమును గూర్చియే కథ చెప్పెను. కాని ఎవనికి చెప్పెను? సింహాసనముమీద కూర్చున్న రాజుకు, ఎదురుగా నిలిచి, తన తలమీదికి తెచ్చుకొని చెప్పెను. గొఱ్ఱెపిల్లను పోగొట్టుకొనిన బీదవానిని నవ్వులపాలు చేయలేదు. మన నాటకములు అనేకసారులు దీనికి తలక్రిందులుగా నుండును. వడ్డీ వ్యాపారియు, సారా అమ్మించువాడును ముందు వరుసలో కుర్చీలమీద కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. చాపమీదివాడు తల వంచుకొనును. కథ కట్టువారు ప్రదర్శనకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ రాత్రి ఎవరు నవ్వుదురు, ఎవరు తల వంచుకొందురు?

డప్పు సంగతి మరియొకటి. మన సంఘములలోని ముసలివారు అనేకులు డప్పును గుడిలోనికి రానీయరు. పట్టణమునుండి వచ్చినవారు దీనిని చూచి “మీ సొంత కళను మీరే త్రోసివేసితిరి, మిషనరీలు మిమ్మును చెడగొట్టిరి” అని బోధింతురు. కొంత నిజముండవచ్చును. కాని ఆ ముసలివాని ప్రక్కన కూర్చుండి అడిగిరా? పిలిచిన వెంటనే చావుకు, జాతరకు వెట్టిగా డప్పు కొట్టి, దూరముగా నిలువబడి కూడు పెట్టించుకొనిన చేతులవి. అతడు విడిచినది వాద్యమును గాదు, ఆ నిలువబడుటను. అతని మనుమడు నేడు అదే డప్పును తలయెత్తి కొట్టుచున్నాడు, అదియు న్యాయమే. తాతయు మనుమడును ఒక అరుగుమీద కూర్చుండి తేల్చుకొనవలసిన దానిని వెలుపలివాడు ఒక్క ఉపన్యాసముతో తేల్చరాదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగములలో కీర్తనలు కట్టినను, బిషప్ అజరయ్యగారి కాలములో లేచి 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయమునకు మన గుళ్ల స్తంభములును, మసీదుల గుమ్మటములును అమరినను, అవి ఇచ్చటి జనముతో బ్రతికినవారు చేసిన యెంపికలు.

కూలిమాట కూడ చెప్పక తప్పదు. కుండలు చేయువానికి డబ్బిచ్చి, కథ చెప్పువానికి శాలువా కప్పి పంపివేయుదుము. “దేవుని పని గదా” అందుము. ఆ దేవుని పనికే మైకుసెట్టువాడు ముందుగా బయానా తీసికొని పోవుచున్నాడు. మరియు నేటి దినములలో చేతిలో ఫోను గల ప్రతివాడును నాట్లలో ముసలమ్మ పాడు పాటను పట్టుకొని లోకమునకు పంపుచున్నాడు. ఆమె పేరు ఉండదు, ఆమెకు తెలియనే తెలియదు. పాట నలుగురిది కావచ్చును, గొంతుక ఆమెది. అడుగుటకు ఎంత సేపు పట్టును?

నేను చెప్పిన ఊరిలోనే రెండేండ్ల తరువాత మన యౌవనులు కోతపండుగకు అప్పులను గూర్చి ఒక బుఱ్ఱకథ కట్టిరి. వారపు వాయిదాల అప్పులు ఆ యేడు ఇంటింట నుండెను. వారు మొదట ఇంటింటికి వెళ్లి అడిగిరి. ఒక విధవరాలు “అప్పు సంగతి చెప్పండి నాయనా, మా అమ్మాయిని ఇచ్చిన ఊరి పేరు మాత్రం ఎత్తొద్దు” అనెను, ఎత్తలేదు. పండుగకు వారము ముందు, రాత్రి భోజనములైన తరువాత, అరుగుమీద పెద్దలను కూర్చుండబెట్టి తంబుర లేకుండ కథంతయు చదివి వినిపించిరి. కాలు విరిగినవాడు పిలువకయే వచ్చి స్తంభమునకు ఆనుకొని వినెను. సగములో చేయెత్తి ఆపెను. పిల్లలు బెదరి నా వైపు చూచిరి.

“వడ్డీ లెక్క తప్పు. నూటికి మూడు కాదు, ఐదు” అనెను.

కథకుడు నోటుపుస్తకము దీపము దగ్గరకు జరుపుకొని దిద్దుకొనెను.