కోరంగి రేవు

కాకినాడనుండి యానామునకు పోవు బాటలో కోరంగియను గ్రామము కలదు. గతవత్సరము మాఘమాసమున బంధువుల యింట వివాహమునకు పోయి, ఒక పూట తీరిక దొరకగా ఆ యూరు చూడబోయితిమి. ఇప్పుడక్కడికి పోవువారెల్లరు మడయడవులకై పోవుదురు. కొయ్యబాటకు ఇరుప్రక్కల బురదలోనుండి పొడుచుకొని వచ్చిన వేళ్లు, గట్టున కొంగలు, చూడ ముచ్చటయే. కాని మా మనసు అడవిపై లేదు. ఒకనాడు ఓడలు కట్టిన యీ రేవు 1789, 1839 సంవత్సరముల తుపానులకు పాడువడినను, దీని పేరు మాత్రము సముద్రము దాటినది. రంగూనులోని తెలుగువారిని, ఏ జిల్లావారైనను సరే, బర్మావారు కోరంగీలనెడివారు. మొదట అది ఊరిపేరు, తరువాత కూలివాని పేరు, కడకు ఈసడింపు.

ఈ మాటలే చెప్పుకొనుచు పడవ యెక్కితిమి.

రంగూను రేవులో బియ్యపు బస్తాలు మోసినవారు మనవారే. మేస్త్రీ బయానా యిచ్చి పేదలను ఓడ యెక్కించెడివాడు. ఆ బాకీ తీరుదాక వారి కూలి వాని గుప్పిటిలోనిదే. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను జనములో సగముకంటె నెక్కువమంది భారతీయులు. తన నగరములో తానే కొద్దివాడగుట బర్మావానికి కష్టముగా తోచెననిన, మనమును కాదనరాదు.

1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంపుకై సమ్మె చేసిరి. యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. సమ్మె సమసిపోగానే వారిని పొమ్మనిరి. మే 26వ తేదీన పనికి వచ్చి వెనుకకు పోవలసినవారికిని, పనిలోనికి వచ్చినవారికిని రేవులోనే పోరు రేగినది. నూరుమందికి పైగా చచ్చిరి. మనవారు వేలకొలది పాత పిచ్చాసుపత్రిలో తలదాచుకొనిరి. ఇద్దరిని పస్తుపెట్టిన యజమాని మేడపై చల్లగానే యుండెను.

ఆ సంవత్సరమే ప్రపంచమంతట ధరలు కూలినవి. వడ్ల ధర సగముకంటె క్రిందికి దిగెను. అప్పు తీర్చలేని రైతుల పొలములు చెట్టియార్ల పాలయ్యెను: 13 ముఖ్యమైన వరి జిల్లాలలో 1930లో నూటికి 6 వంతులున్న వారి భూమి 1937 నాటికి 25 వంతులైనది. భూమి పోయినవానికి వడ్డీవ్యాపారియు బస్తాలు మోయు కూలియు ఒక్కటిగానే కనబడిరి. 1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1938లో మరల కొట్లాటలు.

తరువాత యుద్ధము. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుపై పడినవి. ఓడటిక్కెట్టు కొనలేని లక్షలమంది అరకాను కొండలమీదుగా, మణిపురపు అడవులమీదుగా నడచిరి. వేలకొలది కలరాకును ఆకలికిని బలియైరి. ఆ నడకలోను తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి యని మన నాయకులు ఆనాడే దుయ్యబట్టిరి. చావుదారిలోకూడ వర్ణభేదమా!

స్వతంత్రమైన బర్మాకు ఈ కసి పోలేదు. 1962లో సైనికులు రాజ్యమునకు వచ్చిరి. 1964లో అంగళ్లు ప్రభుత్వపరమై, పెద్ద నోట్లు చెల్లకపోయి, భారతీయులు కూడబెట్టినది విడిచి తిరిగి వచ్చిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు అట్టివారి పేటయే. 1982 నాటి చట్టము, ఆంగ్లేయులతో తొలియుద్ధమునకు ముందు, అనగా 1823కు పూర్వము, అక్కడ స్థిరపడిన తెగలనే పుట్టుకతో పౌరులుగా నెంచెను. ఒక దేశము తనవారెవరో తేల్చుకొనుటకు రేవులోని ఆ ఉదయము ఎంత దూరము వెంట వచ్చెనో!

మా మాటలు వినుచున్న పడవవాడు, అరువదేండ్లు దాటినవాడు, తెడ్డు ఆపి యిట్లనెను: “మా తాతకూడా కాకినాడలో ఓడెక్కేడండి. యుద్ధంలో నడిచొచ్చినోళ్లు వచ్చేరు గాని, ఆయన రాలేదండి. పోయాడన్న కబురైనా లేదు గదండీ, మా నాయనమ్మ చచ్చిపోయేదాకా బొట్టు తీయలేదండి.”

మేమేమియు ననలేకపోతిమి. పాటు మొదలై నీరు తగ్గుచుండెను. అతడు పడవను గట్టువైపునకు త్రిప్పెను.