వాగులోని ములికి

మన పురాణములలో బాణములకు కొదవ లేదు. ఆగ్నేయము, వారుణము, పాశుపతము మున్నగు పేర్లను మన యిండ్లలోని చిన్నబిడ్డలును చెప్పగలరు. కాని యీ నేలపై పూర్వమానవులు నిజముగా వాడిన వేటాయుధముల రాతి ములుకులు మన వాగులలోనే పడియున్నవని చెప్పినచో, చదువుకొన్నవారు సైతము నవ్వుదురు. రాతి ములికి యేమిటి, దానిని పనిగట్టుకొని వెదకుట యేమిటి యని వారి ప్రశ్న.

1863వ సంవత్సరము మే నెల 30వ తేదీని భూగర్భశాస్త్రశాఖ యుద్యోగి రాబర్టు బ్రూస్ ఫుట్ మదరాసు చేరువ పల్లావరమున, కంకర నడుమ, మనుష్యుడు చెక్కిన రాతి నొకదానిని గుర్తించెను. పిమ్మట కర్నూలు, బళ్లారి మున్నగు సీమలలో నేండ్లతరబడి తిరిగి యాతడు కూర్చిన వస్తువులను 1904లో మదరాసు మ్యూజియము కొనెను. ఆ రాళ్లను అంతకుముందు త్రొక్కి నడచినవారు లెక్కకు మిక్కిలి. చూచినవారు మాత్రము లేరు.

చూచుటకు పెద్ద విద్య యక్కఱలేదు, ఓపిక కావలెను. కర్నూలు సీమ వాగులలో నేను తిరుగుట తొలకరి జల్లులు వెలిసిన పిమ్మటనే. అప్పుడు బురద కడిగివేయబడి గులకరాళ్ల రంగులు తేటపడును. నీటిలో దొర్లిన రాయి గుండ్రనై నున్నగా నుండును. చేతితో కొట్టిన చెకుముకి రాయి యట్లుండదు. దెబ్బ తగిలినచోట చిన్న యుబ్బు, దానినుండి యాల్చిప్పమీది గీతలవలె సాగు నలలు, అంచున వాడి యుండును. మన సీమలో దొరకునవి పటములలో చూపు పెద్ద ములుకులు కావు. పెక్కు సందర్భములలో గోరంత పలుకులు.

ఒకనాడు నా వెంట నడచిన ముసలి గొఱ్ఱెలకాపరి నాకంటె ముందే యట్టి పలుకునొకదానిని వ్రేలితో చూపి, "సామీ, ఇది నీళ్లు కొట్టిన రాయి గాదు, చెయ్యి కొట్టిన రాయి" అనెను. "ఎట్లు తెలిసెను పెద్దయ్యా?" యంటిని. "మా నాయన చెకుముకితో నిప్పు చేస్తాండె. దెబ్బ యాడ పడితే రాయి యెట్ల పగుల్తాదో మాకు తెల్దా?" యనెను. అతడు బడి మెట్టు ఎక్కినవాడు కాడు.

బనగానపల్లె చేరువ జుర్రేటి లోయలో జ్వాలాపురమను గ్రామము కలదు. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపపు టోబా యగ్నిపర్వతము క్రక్కిన బూడిద యచ్చట పొరగా నిలిచినది. దాని క్రిందను, మీదను గూడ చెక్కిన రాళ్లు దొరకినవి. అచ్చటనే యొక రాతిచఱియ క్రింద త్రవ్విన పండితులు, సుమారు 35,000 ఏండ్లనాడే మనుష్యులీ చిన్న పలుకులను చేసిరని 2009లో ప్రకటించిరి. ఇట్టి పలుకులను కఱ్ఱకో యెముకకో బంకతో అతికి బాణములకును ఈటెలకును కూర్చెడివారు. ఒకటి విఱిగినచో దానినే మార్చవచ్చును, ఆయుధమంతయు పాఱవేయ నక్కఱలేదు. దీనికి రాతి గుణము తెలియవలెను, బంక పాకము తెలియవలెను, దెబ్బ కోణము తెలియవలెను. ఇది బుద్ధి కాదా? ఇది చేతిపని కాదా? ఈ రెంటిని వేఱుచేసి, ఒకదానికి పీటవేసి, రెండవదానిని వాకిట నిలిపినది తరువాతివారమైన మనమే.

ఆ పలుకును చేసినవారి పేరు లేదు, కులము లేదు. ఆడుదో మగవాడో రాయి చెప్పదు. మన యందఱి పూర్వులును ఒకప్పు డడవిలో వేటాడి బ్రదికినవారే. అయినను విల్లు పట్టిన చెంచును చూచి యనాగరికుడందుము. అహోబిలమున చెంచులక్ష్మిని నరసింహుని దేవేరిగా కొలిచి, నల్లమల చెంచుపడుచు మన గడపకు వచ్చినచో నీళ్లు దూరమునుండి పోయుట యే ధర్మము?

బిడ్డలను వాగునకు తీసికొనిపొండు. గట్టు పొరలలో నాటుకొనియున్న రాతిని పెఱుకవలదు. పొరనుండి యూడినచో దాని కాలమును చెప్పు సాక్ష్యము పోవును. ఇసుకకై యంత్రములు వాగులను తోడివేయుచోట నట్టి సాక్ష్యము లారీలకెక్కి పోవుచునే యున్నది. వాగునడుమ పడియున్నదానిని చూచి, చోటును తేదీని వ్రాసికొని, పురావస్తుశాఖకు తెలుపుడు. బిడ్డ యరచేతిలో నొక్కక్షణము దానిని పెట్టి, "ఇది చేసిన చేయి తెలివిగలది" యని మాత్రము చెప్పుడు. ఆ మాట నమ్మిన బిడ్డ కుమ్మరిని, కమ్మరిని, చెంచును చిన్నచూపు చూడదు.