నడుస్తున్నాడా, నడవకుండా ఉండలేకపోతున్నాడా

సైకియాట్రీ వార్డులో హాలోపెరిడాల్ సూది పడిన కుర్రవాడు రెండో రోజు పొద్దున్నే కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరుగుతుంటాడు. ఇడ్లీ ప్లేటు చేతికిస్తే సగం తిని లేస్తాడు. మంచం మీద కూర్చోబెడితే కాళ్లు ఆడిస్తూనే ఉంటాడు, నిమిషం గడవకముందే మళ్లీ వరండాలో తేలతాడు. కేస్ షీటులో 'పేషెంట్ ఆందోళనగా ఉన్నాడు' అని ఒక్క ముక్క పడిందనుకోండి, రౌండ్సుకు వచ్చిన డాక్టరు డోసు పెంచే అవకాశమే ఎక్కువ. పెంచితే తిరుగుడు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అది జబ్బు తెచ్చిన తిరుగుడు కాదు, మందు తెచ్చింది. దీన్ని అకతీసియా అంటారు. చెప్పుకోలేని పీకులాటేదో ఒంట్లో మొదలవుతుంది, కదిలితే కాసేపు తగ్గుతుంది. డోసు తగ్గించడమో, మందు మార్చడమో, ప్రొప్రనోలాల్ లాంటిది జోడించడమో చేయాలి. 'కూర్చోలేకపోతున్నాడు, కాళ్లు పీకుతున్నాయంటున్నాడు, సూదికి ముందు ఇలా లేదు' అని మూడు ముక్కలు రాసిన సిస్టర్ ఆ రోజు వైద్యాన్నే దారి మళ్లిస్తుంది. మానసిక వైద్యంలో నర్స్ ప్రాక్టీషనర్‌కు ఏమేం తెలిసి ఉండాలన్న చర్చ ఈ మూడు ముక్కల దగ్గర మొదలవ్వాలని నా వాదన. మన దగ్గర అది మందుచీటీ మీద సంతకం ఎవరు పెట్టాలన్న దగ్గర మొదలై, అక్కడే ఆగిపోతోంది.

చర్చ ఎందుకు వచ్చిందో అందరికీ తెలిసిందే. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. (సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు, మన లెక్కలు ఇంతకంటే మెరుగ్గా ఉంటాయని ఎవరూ భ్రమపడనక్కర్లేదు.) ఈ ఖాళీని సైకియాట్రిస్టులతోనే నింపాలంటే ఒక తరం పడుతుంది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో 1965లో పిల్లల వైద్యం కోసం మొదలైన నర్స్ ప్రాక్టీషనర్ చదువు తర్వాత సైకియాట్రీలోకీ వచ్చింది. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో డిప్రెషన్‌కు వైద్యం చేయించుకునేవాళ్లకు చాలాసార్లు మందు రాసేది నర్స్ ప్రాక్టీషనరే. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లోనూ, కాన్పుల్లోనూ ఈ దారి తెరిచింది. మానసిక వైద్యానికి పోస్ట్ బేసిక్ డిప్లొమా, ఎమ్మెస్సీ ఉన్నాయి కానీ, అవి చదివిన నర్సు మామూలు సిస్టర్ కంటే అదనంగా ఏం చేయవచ్చో ఆ పట్టా చెప్పదు.

నర్స్ ప్రాక్టీషనర్‌కు తెలిసి ఉండాల్సినవాటిలో మొదటిది మనసు వెనక ఉన్న శరీరాన్ని చూడటం. బైపోలార్ జబ్బుకు లిథియం వాడుతూ ఏళ్లుగా కుదురుగా ఉన్న ఒక రైతును ఊహించండి. మే నెల, పల్నాడు ఎండలు. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ మాత్రలు తెచ్చుకున్నాడు. చెమటతో ఉప్పూ నీరూ పోతుంటే మూత్రపిండాలు ఉప్పును వదలకుండా పట్టుకుంటాయి, సోడియంకు తోబుట్టువులాంటి లిథియాన్నీ దాంతోపాటే పట్టుకుంటాయి. నొప్పి మాత్ర ఆ పట్టును ఇంకా బిగిస్తుంది. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య మందుగా పనిచేసేది 1.5 దాటితే విషం. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, తూలుడు, ముద్దగా మారిన మాట. ఇంట్లోవాళ్లు వడదెబ్బ అనుకుంటారు, ఆస్పత్రిలో రెండు సెలైన్లు ఎక్కిస్తారు. సెలైన్‌తో కొంత తేరుకుంటాడు కూడా. అసలు సంగతి మరుగున పడేది అందుకే. ఇంటికెళ్లి అదే లిథియం, అదే నొప్పి మాత్ర మళ్లీ మొదలుపెడతాడు. ఈ గొలుసును ఎక్కడైనా తెంపగలిగేది రెండే ప్రశ్నలు: 'నీళ్లు బాగా తాగుతున్నారా? ఇవి కాక ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారు?' నెలనెలా మందులిచ్చే కౌంటరు దగ్గర వీటిని అడగడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. అవి ఎందుకు అడగాలో తెలియాలి, జవాబు విన్నాక రక్తపరీక్షకు పంపే హక్కు ఉండాలి. కల్తీ కల్లు సంగతీ అంతే. క్లోరల్ హైడ్రేటో, ఆల్ప్రాజొలామో కలిపిన కల్లు రోజూ తాగే మనిషికి అది హఠాత్తుగా ఆగితే వణుకు, పలవరింత, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. ఊరు దాన్ని గాలి సోకడం అంటుంది, అనుభవం లేని డ్యూటీ డాక్టరు సైకోసిస్ అని రాస్తాడు.

రెండోది, అడగడానికి జంకే ప్రశ్న అడగడం. పురుగుమందు తాగి బతికి బయటపడిన మనిషిని వార్డులో అందరూ ట్యూబులు, అట్రోపిన్ డోసుల లెక్కన చూస్తారు. మళ్లీ అలాంటి ఆలోచన వస్తోందా అని అడిగేవారు అరుదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం చదువుకున్నవాళ్లలోనూ ఉంది, అది నిజం కాదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు చోట్ల 1,867 మంది మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ నాకు ముఖ్యం. ఒక గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడటం, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికి వెళ్లో పలకరించడం, చేసింది ఇంతే. ఇది అందిన వారిలో ఆత్మహత్యతో పోయినవారు 0.2 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 2.2 శాతం. తర్వాత వేరేచోట్ల జరిగిన ప్రయత్నాలన్నిటిలోనూ ఇంత తేడా రాలేదు, ఆ మాట దాచి వాదించడం సరికాదు. అయినా ఆ పలకరింపును నడపడానికి సైకియాట్రిస్టు అక్కర్లేదని, వైద్యానుభవం ఉన్న నర్సు చాలునని ఆ అధ్యయనం ఏర్పాటులోనే ఉంది. కాకపోతే నర్సు గొంతులో తీర్పు వినిపించకూడదు. 'పిల్లలున్నారు కదమ్మా, ఇలా చేస్తారా' అని మొదలైన సంభాషణ తొమ్మిదోసారి దాకా సాగదు.

మూడోది చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని కట్టివేయడం తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే మార్గమేదీ లేనప్పుడే, అదీ బాధ్యుడైన సైకియాట్రిస్టు అనుమతితోనే. సిబ్బంది తక్కువన్న సాకుతో కట్టకూడదని కూడా విడిగా రాశారు. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తానికి ఒక్కతే ఉన్న సిస్టర్ ఆ వాక్యాన్ని ఏ ముఖంతో చదువుకుంటుందో చట్టం రాసినవారు ఆలోచించారో లేదో. ఇదే చట్టం ఇష్టం లేని రోగిని చేర్చుకునేటప్పుడు సైకియాట్రిస్టుతోపాటు విడిగా పరీక్షించే రెండో వ్యక్తిగా, రాష్ట్ర అథారిటీలో నమోదైన మెంటల్ హెల్త్ నర్సునూ అంగీకరిస్తుంది. ఒక మనిషి స్వేచ్ఛ మీద అభిప్రాయం చెప్పే బాధ్యత అది. కానీ నిర్వచనం దగ్గరికి వస్తే సైకియాట్రిక్ నర్సింగే చదివి ఉండాలనలేదు, జనరల్ నర్సింగ్ డిప్లొమా ఉన్నా సరిపోతుందంది. బాధ్యతను ముందే చేతిలో పెట్టి, సామర్థ్యాన్ని కొలవడం మరిచిపోయాం.

నా తోటి వైద్యుల అభ్యంతరాన్ని కొట్టిపారేయలేను. సైకియాట్రిస్టు కావడానికి ఎంబీబీఎస్ మీద మూడేళ్ల ఎండీ చేయాలి, అక్కడ కొన్ని వందల గంటలతో సరిపెడతారా అన్నది వారి ప్రశ్న. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ చదువుకు కనీస క్లినికల్ శిక్షణ చాలాకాలం 500 గంటలే, 2022లో దాన్ని 750కి పెంచాలన్నారు. అంటే పాత లెక్క చాలదని వాళ్లే ఒప్పుకున్నట్టు. మన జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019లో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చన్నప్పుడు వైద్యులు రోడ్డెక్కిందీ ఈ భయంతోనే. భయం సమంజసమే, దాని నుంచి తీసిన ముగింపు మాత్రం తప్పు. గంటలు చాలకపోతే గంటలు పెంచాలి. ఇంకా చెప్పాలంటే గంటలను కాదు, పనిని కొలవాలి: ఎన్ని అకతీసియా కేసులను తానే గుర్తించింది, పలవరింతను సైకోసిస్‌తో పొరబడకుండా ఎన్నిసార్లు వేరు చేసింది, ఎప్పుడు 'ఇది నా చేతిలో లేదు' అని ఫోన్ చేసింది. ఈ చివరిదానికి నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేస్తాను. కొత్త మందు మొదలుపెట్టే అధికారం కంటే, కుదిరిన మందును కొనసాగించే, పరీక్షలు రాయించే, దుష్ఫలితం కనిపిస్తే ఆపించే అధికారం ముందు ఇవ్వాలి. ఓపీలో ఎనభై మందిని చూసే డాక్టరు ఒక్కొక్కరికి ఇవ్వగలిగే రెండు నిమిషాలకు, పదిహేను నిమిషాలు కూర్చోగల నర్సుకు పోటీ పెడితే ఎవరి తప్పులు ఎక్కువ తేలతాయో చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

నర్సుల అభ్యంతరం వేరు, నా దృష్టిలో ఇంకా బరువైనది. బాధ్యత పెరుగుతుంది, జీతం పెరగదు, పొరపాటు జరిగితే మెమో తమకే వస్తుందంటారు. దీనికి హోదా, జీతం, చట్టరక్షణ ఒకే జీవోలో రావడం తప్ప వేరే జవాబు లేదు. అది వచ్చినా పోస్టింగుల చిక్కు మిగులుతుంది. సైకియాట్రిక్ నర్సింగ్ డిప్లొమా చేసి వచ్చిన సిస్టర్‌ను బదిలీల్లో కాన్పుల వార్డుకు పంపడం, సర్జికల్ వార్డు సిస్టర్‌ను సైకియాట్రీకి తేవడం ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఎవరికీ వింతగా అనిపించదు. ఏ వార్డైనా సిస్టర్ సిస్టరే అన్న లెక్క. కొత్తావిడ చురుకైనదే అయ్యుంటుంది, పనికి వంక పెట్టనిదే అయ్యుంటుంది. అయినా మే నెలలో లిథియం చీటీతో కౌంటరు ముందు నిలబడ్డ ఆ రైతును నీళ్ల గురించి అడగాలని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు.