రయొలైట్ శిథిలముల నడుమ

1904లో బంగారము బయల్పడెనన్న వార్త విని, నెవాడా ఎడారిలో, డెత్ వ్యాలీకి తూర్పున, వేలాది జనులు పరుగున వచ్చి కట్టుకొని, పట్టుమని రెండు దశాబ్దములైనను నిలువక విడిచిపోయిన రయొలైట్ పట్టణమును, నిన్న మిత్రుడును నేనును కాలినడకన చూచి వచ్చితిమి. మూడంతస్తుల కుక్ బ్యాంకు భవనమునకు కప్పు లేదు; కిటికీలన్నిటను ఆకాశమే. కలప కరవైన ఆ చోట, టామ్ కెల్లీ అను నాతడు 1906లో సుమారు 50,000 సీసాలు పేర్చి కట్టిన ఇల్లు మాత్రము, మరమ్మతుల పుణ్యమా యని, నేటికిని నిలిచియున్నది. గుండ్రని సీసాల అడుగులు ఎండకు మెరయుచుండగా, మావాడు వాటిని వ్రేలితో తడవి, "తాగినవాళ్లు పోయార్రా, సీసాలు మిగిలాయి" అనెను. తత్త్వమో, దాహమో తెలియదు. మా నీళ్లు అప్పటికే నిండుకొన్నవి. పోదలచిన మిత్రులారా, నీళ్లు మాత్రము మరువకుడు. అచ్చట చుక్క దొరకదు.